మా బడికి మంజూరైన కుక్క

మా ఊరి బాలబాలికల ఊపిరితిత్తుల బాధ్యతను ఒక కుక్కకు అప్పగిస్తున్నట్లు శాసనసభ్యులు వీరాంజనేయులుగారు 2006 ఫిబ్రవరిలో, అశేష జనసమక్షంలో ప్రకటించారు. ఇంతటి ప్రకటన వినడానికి బతికి ఉన్నందుకు నేను గర్విస్తున్నాను.

గుంటూరుకు పది మైళ్ళ దూరంలోని మా ప్రాథమిక పాఠశాలకూ, ఎమ్మెల్యేగారి బావమరిది నడిపే కారం మిల్లుకూ గోడ ఒకటే. ఇటుకల పొదుపు తెలిసిన కుటుంబం. మిల్లు ఆడినంతసేపూ పిల్లలు దగ్గుతారు. మిరపకాయల తొడిమలు తీసే కూలీ నాంచారమ్మ మనవరాలు, ఎనిమిదేళ్ళ శ్రీరమ్యకైతే తిన్న ముద్ద కడుపులో నిలవదు. మిల్లును ఊరి బయటికి మార్చమని నాంచారమ్మ అర్జీ పెట్టింది. దాని ఫలితమే ఈ సభ.

"మిల్లు మారిస్తే ఒక్క దగ్గే పోతుంది. కుక్కయితే జలుబు, చెవిపోటు కూడా పోతాయి! ఫారిన్ డాక్టర్లు రిసెర్చి చేసి చెప్పారు!" అన్నారు ఎమ్మెల్యేగారు.

ఆ రిసెర్చి అచ్చయిన ఆంగ్ల వ్యాసాన్ని తెలుగులో వినిపించే భాగ్యం బడిపంతులునైన నాకు దక్కింది. కుక్కలున్న ఇళ్ళలో పెరిగే పసిపిల్లలకు కొన్ని రోగాలు తక్కువ కావచ్చునని అందులో ఉన్నది. "ఇళ్ళలో", "కావచ్చును" అన్న మాటలకు వ్యవధి చాలదని ఎమ్మెల్యేగారు నా మోచేతిని మృదువుగా నొక్కి సూచించారు.

నాంచారమ్మ లేచి నిలబడింది. "అయ్యా, నేనడిగింది మిల్లు జరపమని. కుక్కనెవరడిగారండీ?"

"అడక్కపోయినా ఇచ్చేదే మా పార్టీ, అమ్మా!"

చప్పట్లు మోగాయి.

పూలదండతో లాబ్రడార్ వేంచేసింది. పిల్లలు పది నిమిషాల చొప్పున దాని పక్కన కూర్చొని ఊపిరి పీల్చేట్లు హెడ్మాస్టరు క్రీస్తుదాసుగారు టైమ్‌టేబుల్ వేశారు.

"ఏమ్మా, తగ్గిందా?" అని శ్రీరమ్యను అడిగారు.

ఆ పిల్ల సమాధానంగా దగ్గింది. ఆయన రిజిస్టరులో "తగ్గుచున్నది" అని రాసుకున్నారు.

అయిదో రోజున గోడ అవతల మిల్లులోంచి కేక వినబడింది. "ఒరేయ్, కుక్క తుమ్మిందిరా!"

అరగంటలో ప్రభుత్వ జీపు వచ్చింది. అందులోంచి పశువైద్యులు డాక్టర్ వేణుగోపాల్‌గారు దిగి, ఎర్రబడిన కుక్క కళ్ళు పరీక్షించి, అచ్చు ఫారం నింపారు: "ఈ గాలి ప్రాణులు నివసించుటకు తగదు. తక్షణం తరలించవలెను." ఆ వాక్యం విని ఎమ్మెల్యేగారు ఫోనులోనే ఉత్తర్వు జారీ చేశారు. "నోరులేని జీవమయ్యా! వెంటనే మా గెస్ట్‌హౌస్‌కి పంపించెయ్యండి!" మన యంత్రాంగంలో చలనం లేదనేవారు ఆ ఉదయం మా ఊరు రావలసింది.

కుక్క జీపెక్కింది. నాంచారమ్మ మనవరాలిని తెచ్చి డాక్టరుగారి ముందు నిలబెట్టింది.

"బాబూ, దీన్ని కూడా చూసి ఆ కాగితమే రాయండి."

"నేను పశువుల డాక్టర్నమ్మా. మనుషుల డాక్టరుకి చూపించు."

"మూడుసార్లు చూపించానండి. ఆయన కాగితానికి జీపు రాలా."

వేణుగోపాల్‌గారు ఆ పిల్ల వీపు మీద స్టెతస్కోపు ఆనించి చాలాసేపు విన్నారు. తర్వాత ఇంకో ఫారం తీశారు. యజమాని: నాంచారమ్మ. వయసు: ఎనిమిది సంవత్సరాలు. "జాతి" అన్న గడి దగ్గర కలం ఆగిపోయింది.

"నాటు అని రాయండి, బాబూ" అంది నాంచారమ్మ.