గ్రీబెల్ దుంపచేలో శత్రుసేన

పురుగులకు రాజకీయాలు ఉండవన్నది వెనకటి కాలపు మూఢనమ్మకం. 1950 వేసవిలో తూర్పు జర్మనీ సర్కారు దాన్ని రద్దు చేసింది. బంగాళాదుంప చేలను మేస్తున్న పెంకుపురుగులను అమెరికా విమానాలే చల్లుతున్నాయని ఊరూరా గోడల మీద ప్రకటించింది. (ఆ పురుగులు అంతకు ముందూ ఉండేవి. కాకపోతే అప్పట్లో వాటికి సిద్ధాంతం లేదు.)

ఈ ప్రకటన చూసి థురింగియా ప్రాంతపు పల్లె ఒకదానిలో ఆట్మార్ గ్రీబెల్ అనే రైతుకు ప్రాణం లేచొచ్చింది. అతని చేనుకూ పురుగు పట్టింది. సర్కారుకు కొలవాల్సిన లెవీ నలభై బస్తాలు. కొలవకపోతే రైతు జైలుకు, చేను సర్కారుకు. అయితే శత్రుదాడిలో పోయిన పంటకు లెవీ మాఫీ అని ఇరవై ఏడో నిబంధన చెబుతోంది. పురుగులు అమెరికావని తేలితే చాలు, గట్టెక్కినట్టే.

పన్నెండు పురుగులను సీసాలో వేసుకుని, జిల్లా కీటక విచారణాధికారి ట్రౌట్‌వైన్ దగ్గరికి వెళ్ళాడు.

"ఇవి పైనుంచి పడుతుంటే చూశావా?"

"లేదు కామ్రేడ్ గారూ. ఆకుల మీద చూశాను."

"ఆకుల మీద ఎవడైనా చూస్తాడయ్యా. పడుతుంటే చూసినవాళ్ళు ఇద్దరు సంతకం పెట్టాలి."

గ్రీబెల్ ఇంటికొచ్చి భార్య ఆల్మా ముందు కాగితం పెట్టాడు.

"వంగి కలుపు తీసేదాన్ని, ఆకాశం నేనెప్పుడు చూశానయ్యా? అబద్ధమాడితే దేవుడు ఊరుకుంటాడా?"

"లెవీ కొలవకపోతే ట్రౌట్‌వైన్ ఊరుకోడే. ఇద్దరిలో ఎవరు దగ్గరో నువ్వే చూసుకో."

ఆల్మా సంతకం పెట్టింది. పక్కచేను ముసలాయన, తన చేనుకూ వీళ్ళు ఆకాశం చూడాలన్న షరతు మీద పెట్టాడు.

ట్రౌట్‌వైన్ ఆ కాగితం అందుకుని, భూతద్దంతో పురుగు వీపు మీది చారలు లెక్కపెట్టాడు. "పదే ఉన్నాయి. అమెరికా జెండాకు పదమూడు కదా?"

గ్రీబెల్ సీసాలోకి తొంగిచూసి తనూ లెక్కపెట్టాడు.

"సర్లే. పెట్టుబడిదారీ సంక్షోభం కదా, మూడు మిగుల్చుకుని ఉంటారు" అని ట్రౌట్‌వైన్ ముద్ర గుద్దాడు. "ఇక చేలో ఒక్క పురుగునూ చంపకు. అవి సాక్ష్యాలు. కమిషన్ వచ్చి చూడాలి."

"ఎప్పుడొస్తారండీ?"

"శత్రువు తొందరపెడితే మనం తొందరపడతామా?"

కమిషన్ రెండు నెలలు తొందరపడలేదు. పురుగులు తిన్నాయి, గుడ్లు పెట్టాయి, పిల్లలకూ తినడం నేర్పాయి. ఆల్మా రోజూ బాల్చీ పట్టుకుని గట్టు మీద నిలబడి ఏడ్చేది.

"చేత్తో ఏరితే పోయేవి కదయ్యా!"

"ముట్టుకోకే తల్లీ. సర్కారు పురుగులు."

ఆగస్టు చివర కమిషన్ వచ్చింది. చేలో కాడలు తప్ప ఏమీ లేవు. ట్రౌట్‌వైన్ ఒక పురుగును వేళ్ళతో పట్టుకుని అడిగాడు.

"ఇది ఎక్కడ పుట్టింది?"

"ఇక్కడే కామ్రేడ్ గారూ. జులైలో. నా కళ్ళ ముందే" అన్నాడు గ్రీబెల్. సంతకాలు పడ్డాక అతను చెప్పిన నిజం ఇదొక్కటే. కొంప ముంచింది కూడా ఇదే.

ఈ గడ్డ మీద పుట్టిన పురుగులు అమెరికావి కాజాలవని, స్వదేశీ పురుగులు పంట తినడం రైతు నిర్లక్ష్యమేనని కమిషన్ ఏకగ్రీవంగా తీర్మానించింది. గ్రీబెల్ జైలుకు వెళ్ళాడు. చేను సర్కారుపరమైంది. ఆల్మా అదే చేలో కూలికి కుదిరింది.

మరుసటి వేసవిలో చేనుకు మళ్ళీ పురుగు పట్టింది. ఈసారి అవి అమెరికా పురుగులేనని, సాక్షుల అవసరం లేకుండానే, ఆ సాయంత్రానికల్లా తేలిపోయింది.