సాంబమూర్తి గారి షార్ట్‌కట్

కంప్యూటర్‌కు ఇచ్చే ఆదేశం పూర్తిగా టైపు చేసేవాళ్ళను చూస్తే సాంబమూర్తికి జాలి. గుంటూరు నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో లినక్స్ పాఠాలు చెప్పుకుంటున్న ఆయనకు ఆ ఆదేశాలు కొట్టే షెల్‌లో తెలియని అడ్డదారి లేదు. ఆ తెలంగాణ బంద్ నాటి ఉదయం షట్టర్ సగం దించి, శిష్యుడు శ్రీనివాస్ ప్రాజెక్టును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి పంపేయాలన్నది ఆయన పథకం. బస్సుల్లేక కుర్రాడు ఎల్బీనగర్ నుంచి నడిచొచ్చాడు. మర్నాడే ఇంటర్వ్యూ. ఆ ప్రాజెక్టు చూపిస్తేనే ఉద్యోగం, లేకపోతే కిరాయి గది ఖాళీ చేసి నల్గొండ పక్క పల్లెకు పోవడమే. సొంత కంప్యూటర్ లేదు కాబట్టి ఉన్నదంతా ఇక్కడే ఉంది.

"జర పైలం సార్, ఏడాది కష్టం."

"ఏవిటయ్యా నీ భయం? కాపీ చేసే ఆదేశం rsync. నిన్న ఇంకో కుర్రాడి పెన్‌డ్రైవ్‌కు కొట్టాను కదా, మళ్ళీ అంతా కొట్టడం దేనికి? ఆశ్చర్యార్థకం పెట్టి r కొడితే, r తో మొదలైన ఆఖరి ఆదేశం దానంతటదే నడుస్తుంది. చూడు!"

నడిచింది. కానీ ఆఖరున ఆయన కొట్టింది rsync కాదు, పాత చెత్త తుడవడానికి ఇంకో ఫోల్డర్లో కొట్టిన rm, అంటే ఏ ఫోల్డర్లో ఉంటే అందులో ఉన్నదంతా తుడిచేసేది.

"సార్, గిదేంది? ఫోల్డర్ల ఏం లేదు!"

సాంబమూర్తి పక్క కుర్చీలోకి దూకాడు. పక్క కంప్యూటర్లో నకలుంది. అయితే అక్కడా ఆయన తెలివే పనిచేస్తోంది. కాసేపటికోసారి అసలును చూసి, అందులో లేనిదల్లా నకలులోంచీ తుడిచేసే స్క్రిప్టు పెట్టాడు. అది నడిచే వేళ కావస్తోంది. ఆపుదామంటే కంగారులో పాస్‌వర్డ్ తప్పు మీద తప్పు పడుతోంది. ప్లగ్గేమో బీరువా వెనక.

"గోపయ్యా! మెయిన్ స్విచ్ ఆపెయ్!" అని కింద ఉన్న వాచ్‌మన్‌కు గావుకేక పెట్టాడు.

బంద్ వాళ్ళొస్తే షట్టర్ దించి మాయమవ్వమని గోపయ్యకు ముందే ఆజ్ఞ. సార్ అంతలా అరిచాడంటే వాళ్ళు వచ్చినట్టేనని దభీమని షట్టర్ దించి ఎదురు సందులో దూరాడు. ఆ చప్పుడుకి రోడ్డుమీద పోతున్న ఊరేగింపు ఆగింది.

"బంద్ నాడు క్లాసులేంది?" అంటూ నాయకుడు అంతయ్య షట్టర్ ఎత్తి, మెట్ల కింది మెయిన్ లాగేశాడు.

కంప్యూటర్లు ఆరిపోయాయి. నకలు బతికింది! పొద్దుట్నుంచీ బంద్‌ను తిట్టుకుంటున్న సాంబమూర్తి పరుగున దిగి, అంతయ్యను కావలించుకుని మనస్ఫూర్తిగా "జై తెలంగాణ!" అన్నాడు.

"సార్ మనోడే! ఎత్తుండ్రి!"

భుజాలమీద చౌరస్తా దాకా వెళ్ళాక గుర్తొచ్చింది. కరెంటు కోతల పుణ్యమాని, కరెంటు రాగానే కంప్యూటర్ దానంతటదే లేచి, ముందు ఆ స్క్రిప్టే నడిచేలా పెట్టింది తనే.

"మెయిన్ వెయ్యొద్దు!" అని గొంతు చించుకున్నాడు.

"వెయ్యొద్దు! వెయ్యొద్దు!" అని జనమంతా అందుకున్నారు.

అప్పటికే గోపయ్య సందులోంచి వచ్చి, గండం గడిచిందని మెయిన్ వేసేశాడు.

సాంబమూర్తి రొప్పుతూ తిరిగొచ్చేసరికి, శ్రీనివాస్ రెండు కంప్యూటర్లలోనూ ఖాళీ అయిన ఫోల్డర్ల ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఏడ్చినా బాగుండేది.

"తప్పయిపోయిందయ్యా."

"రేపు ఊరికి బస్సులుంటయంట సార్. రూము ఖాళీ చెయ్యాలె, జర సామాను పట్టుండ్రి."

ఇద్దరూ ఎల్బీనగర్ వైపు నడిచారు.

బంద్ సంపూర్ణంగా విజయవంతమైందని, ఎక్కడా ఎవరికీ ఎలాంటి నష్టమూ జరగలేదని సాయంత్రం వార్తల్లో చెప్పారు.