భూమేష్ జెట్ కొంటుండట!

శుక్రవారం పొద్దున ఉమ్ సలాల్‌లో మాలతి పులిహోర కలిపి డబ్బాకెత్తింది. పెళ్ళయి ఖతర్ వచ్చి నెలయినా ఆమె ఇంకా సముద్రం చూడలేదు. ఆమె భర్త భూమేష్ అక్కడొక విల్లాలో మెకానిక్, ఇద్దరి మకాం కూడా అక్కడే. "ఈ పాత స్పోర్ట్స్ కారుకు కొత్త కార్బురేటర్ పెట్టి నడిపించు, సాయంత్రం నీ భార్యను అందులోనే మదీనత్ అల్ షమాల్ సముద్రానికి తీసుకుపో" అన్నాడు యజమాని అర్బాబ్. ఏ బ్రాండు కావాలో జుమ్మా నమాజులోపు విడిభాగాల కొట్టుకు ఫోన్ చేసి చెప్పాలి.

అక్కడే వచ్చింది చిక్కు. ఇటలీ వెబర్ అంటే భూమేష్ కళ్ళు మెరుస్తాయి. ఫ్రాన్స్ సోలెక్స్ అంటే గొంతు మెత్తబడుతుంది.

"ఏదో ఒకటి చెప్పరాదు! పెండ్లిచూపులల్ల నన్నైతే చాయ్ చల్లారకముందే ఖాయం జేస్తివి."

"అప్పుడు నువ్వొక్కదానివే ఉంటివి గద!"

ఇంతలో నిర్మల్ దగ్గరి ఊరి నుంచి మాలతి తండ్రి గంగన్న ఫోన్ చేశాడు. "అల్లుడేం జేస్తుండు బిడ్డా?"

"ఇటలీది కొనాల్నా, ఫ్రాన్స్‌ది కొనాల్నా తేలుస్తలేడు బాపూ. జెట్ జర పెద్దగుండాలంటడు."

జెట్ అంటే కార్బురేటర్‌లో పెట్రోలు చిమ్మే ఇత్తడి ముక్క, చిటికెనవేలి గోరంత. ఆ సంగతి గంగన్నకు ఎవరూ చెప్పలేదు.

"ఎంతమంది పడ్తరు?"

కారు గురించే అనుకున్న మాలతి "మేమిద్దరమే" అంది సిగ్గుపడుతూ.

"యాడ దిగుతరు?"

"సముద్రం పక్కన."

గల్ఫ్‌లో ఏ దేశమైనా దుబాయే అనుకునే గంగన్న, అల్లుడు దుబాయ్‌ల జెట్ కొంటుండని ఊరంతా చాటేశాడు. ఇక భూమేష్ ఫోన్ ఆగలేదు. చిన్నమ్మకు కిటికీ సీటు కావాలట. ఓ మామ "మక్క చేను కోసి జాగ జేసిన, సక్కగ వచ్చి దింపు" అన్నాడు. "అది విమానం గాదు మామా!" అని మొత్తుకుంటే, "ఎవ్వలకు జెప్పద్దా? సమజైంది తియ్యి" అని పెట్టేశాడు. కొట్టుకు ఫోన్ కలిసేసరికి అక్కడ షట్టర్ దించేస్తున్నారు. ఇక శనివారమే.

మాలతి డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టింది. "సముద్రం యాడికి పోతది తియ్యి" అంది, ముక్కు ఎగబీలుస్తూ.

అప్పుడే గేటు బయట హారన్ మోగింది. ఊరి కబురు అందుకున్న భూమేష్ దోస్తు అంజి, కార్మికుల క్యాంప్ బస్సు నిండా జనాన్ని వేసుకొచ్చాడు. చేతిలో నిమ్మకాయలు, కుంకుమ.

"జెట్ యాడుంది వదినా? టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాలె!"

భూమేష్ పాత కార్బురేటర్ జెట్‌ను అరచేతిలో పెట్టి చూపించాడు. బస్సులోని వాళ్ళంతా కిటికీల్లోంచి మెడలు చాచారు. అంజి దాని పక్కన నిమ్మకాయ పెట్టి చాలాసేపు చూశాడు.

"ఇది ఇంక పెరుగుతదా?"

గోల విని బయటికొచ్చిన అర్బాబ్, సంగతి తెలిసి కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు. "కారు లేకపోతే ఏమైంది, ఇంత పెద్ద బస్సుంది కదా! యల్లా, పదండి!" అని వచ్చీరాని హిందీలో కేకేసి, అందరికంటే ముందు తనే ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు.

పొద్దు గుంకే వేళకు మాలతి మోకాళ్ళ దాకా సముద్రంలో నిలబడి, కారణం లేకుండా నవ్వుతోంది. ఒడ్డున పులిహోర తింటూ భూమేష్, అర్బాబ్ వెబరా, సోలెక్సా అని ఇంకా వాదించుకుంటున్నారు.

వాళ్ళను అక్కడికి చేర్చిన బస్సుది డీజిల్ ఇంజిన్. దానికసలు కార్బురేటరే ఉండదు.