తపస్సుకాలంలో డేలియాలు

ఫిబ్రవరి మొదటి శనివారం పొద్దున క్లెమ్ రాఫర్టీ టీ కప్పు పట్టుకుని పెరట్లో డేలియా మొక్కలు లెక్కపెట్టుకుంటున్నాడు. ఆ రోజుకు అతను అనుకున్న పని చిన్నదే. చర్చికి వెళ్ళి పూలకుండీలు కొలుచుకుని, భోజనం వేళకు ఇంటికి వచ్చేయాలి. మార్చి పదిహేనున కూతురు బ్రిజిడ్ పెళ్ళి. నిజానికి ఆమె నవంబరులో, గులాబీలతో చేసుకుంటానంది. ఈ టాస్మేనియా కొండల మీద నవంబరు వసంతపు గాలికి గులాబీ రెక్క ఒక్కటి నిలవదనీ, ఏ కాలంలో ఏ పువ్వు దానంతట అది పూస్తుందో పెళ్ళికి అదే పెట్టాలనీ, మార్చిలో, వేసవి చివర అయితే బలిపీఠం నిండా ఇంటి డేలియాలే ఉంటాయనీ క్లెమ్ నెల రోజులు నచ్చజెప్పాడు. చివరికి మాట ఇచ్చి మరీ ఒప్పించాడు.

చర్చి వెనక గదిలో డల్సీ కొవ్వొత్తుల స్టాండ్లు తోముతోంది. ఏ ఆదివారం ఎవరు పూలు తేవాలో వంతులు వేసేది ఆవిడే. క్లెమ్ టేపు తీసేసరికి ఆవిడ చేతిలో గుడ్డ ఆగింది.

"పదిహేనో తారీఖుకా? అప్పటికి కుండీలన్నీ బీరువాలో ఉంటాయి. ఈస్టర్ ముందు నలభై రోజులూ తపస్సుకాలం, క్లెమ్. పెళ్ళి చేసుకోవచ్చు గానీ బలిపీఠం మీద పువ్వు పెట్టకూడదు."

"ఎప్పట్నించి?"

"నువ్వు పుట్టక ముందు నించి."

అరవై ఏళ్ళుగా క్లెమ్ అదే చర్చిలో మూడో వరసలో కూర్చుంటున్నాడు. ఏటా మార్చిలో అతని మంచి పూలన్నీ జిల్లా పూల పోటీకి పోతాయి. చర్చి బోసిగా ఎందుకుందని అతను ఒక్క ఏడాది కూడా అడగలేదు.

వెళ్ళి అడిగితే చర్చి గురువు ఫాదర్ ఓవెన్ నవ్వలేదు. నవ్వి ఉంటే క్లెమ్‌కి కొంత తేలికయ్యేది. పెళ్ళి తేదీ అడిగావు గానీ పూల సంగతి అడగలేదు కదా అన్నాడాయన. మార్చిలో డేలియాను పూయిస్తున్నదీ దేవుడే, మార్చిలో పువ్వు వద్దన్నదీ దేవుడేనా అని క్లెమ్ మెల్లిగా అడిగాడు.

"భూమికి అవతలి సగంలో, ఆ నియమం పెట్టినవాళ్ళ ఊళ్ళో అప్పటికింకా చలి పోదు. వాళ్ళకి మానుకోవడానికి పువ్వే ఉండదు," అన్నాడు ఫాదర్. తరవాత జాలిపడి దారి చూపించాడు. తపస్సుకాలం నడుమ ఒక్క ఆదివారం పూలు పెట్టనిస్తారు. శనివారం సాయంత్రమే ఆ ఆదివారం మొదలైనట్టు లెక్క. ఆ ఏడు అది మార్చి ఇరవై తొమ్మిది.

పెళ్ళిని ఇరవై ఎనిమిది శనివారం సాయంత్రానికి జరిపి, అన్నీ సర్దాకే కూతురికి చెబుదామనుకున్నాడు క్లెమ్. అక్కడే చెడింది. విందు హాలు ఆవిడకు ఫోన్ చేసి పదిహేనున హాలు అక్కర్లేదన్నాడు. కారణం చెప్పడానికి సిగ్గుపడి, ఆ ఒక్క ముక్కతోనే ఫోన్ పెట్టేశాడు. మధ్యాహ్నానికి ఆ తేదీని క్రికెట్ క్లబ్బువాళ్ళు పట్టుకుపోయారు. సోమవారానికి గుమ్మంలో ఇరుగుపొరుగువాళ్ళ ఓదార్పు వంటలు మూడు గిన్నెలు చేరాయి. తన పెళ్ళి ఆగిపోయిందని బ్రిజిడ్‌కి రొట్టెల కొట్లో తెలిసింది. కొట్టావిడ ఆమె చెయ్యి పట్టుకుని తీపి బన్ను ఒకటి ఊరికే ఇచ్చిందట. పెళ్ళికొడుకు కీరన్‌కి గొర్రెల ఉన్ని కత్తిరించే షెడ్డులో తెలిసింది. తన కొడుకు చేసిన తప్పేమిటో చెప్పమని అతని తల్లి వచ్చి క్లెమ్ ఇంట్లో కూర్చుంది.

"నన్ను వద్దన్నది ఎవరు నాన్నా? పేరు చెప్పు, వాడి మీద కోపం తెచ్చుకుంటా," అంది బ్రిజిడ్.

క్లెమ్ అంతా చెప్పాడు. ఆమె బన్ను సగం తుంచి తండ్రి ముందు పెట్టింది.

"పూలు లేకపోయినా నేను పెళ్ళి చేసుకోగలను. నువ్వే చేయలేనట్టున్నావు."

మళ్ళీ అందరికీ ఫోన్లు చేశారు. హాలు దొరికింది, కీరన్ నవ్వాడు, గిన్నెలు కడిగి ఎవరివి వాళ్ళకు ఇచ్చేశారు. పెళ్ళి రేపనగా, శుక్రవారం పొద్దున క్లెమ్ కత్తెర పట్టుకుని పెరట్లోకి వెళ్ళాడు. మూడు వారాలు ముందొచ్చిన చలికాలపు మంచుకు డేలియాలు నల్లగా మాడి వేలాడుతున్నాయి. వరసల మధ్య తడి నేల మీద కూలబడ్డాడు.

"నియమం ఒక్కటి చాలదా తండ్రీ, మంచు కూడా కావాలా?" అనుకున్నాడు. భార్య మొయిరా వచ్చి, చూసి, లోపలికి వెళ్ళి డల్సీకి ఫోన్ చేసింది. కూతురికి చెప్పడానికి మాత్రం ఎవరికీ నోరు రాలేదు.

శనివారం సాయంత్రం క్లెమ్ కూతురి చెయ్యి పట్టుకుని, బలిపీఠం వైపు చూడలేక తలొంచుకుని నడిచాడు. ఇక చెప్పేయాలని నోరు తెరిచేంతలో బ్రిజిడ్ అతని చెయ్యి నొక్కింది.

"మాట నిలబెట్టుకున్నావు నాన్నా."

తలెత్తాడు. బలిపీఠం నిండా డేలియాలు. ముదురు ఎరుపు, తెలుపు, ఒక్కొక్కటి పళ్ళెమంత. ముందు వరసలో డల్సీ చర్చి పైకప్పు కేసి చూస్తోంది. శుక్రవారం బస్సెక్కి హోబర్ట్ నగరానికి వెళ్ళి, అక్కడి చవక కొట్టులో ఉన్న గుడ్డ పూలన్నీ ఊడ్చుకొచ్చింది ఆవిడే. క్లెమ్ తెరిచిన నోరు మూసేశాడు.

విందులో పూల పోటీ న్యాయనిర్ణేత అతని భుజం మీద చెయ్యి వేశాడు. "ముప్పై ఏళ్ళలో నీ చేత్తో ఇలాంటివి పూయలేదయ్యా. ఒక్క పురుగు కాటు లేదు. చలికాలంలో నాటుకోవడానికి నాకో దుంప ఇస్తావా?"

క్లెమ్ ఫాదర్ కేసి చూశాడు. ఫాదర్ డల్సీ కేసి చూశాడు. డల్సీ కేకు కేసి చూసింది. దూరంగా బ్రిజిడ్ నవ్వుతోంది.

"ఇస్తా," అన్నాడు క్లెమ్.

ఈస్టర్‌కి ఇంకా మూడు వారాల తపస్సుకాలం ఉంది. పశ్చాత్తాపానికి అది సరిపోవచ్చు.