లెక్కల మాస్టారు, చేపల తొట్టి, ఫాస్ఫేటు

ఆదివారం పొద్దున్నే లెక్కల మాస్టారు చొక్కా చేతులు పైకి మడిచి చేపల తొట్టి మీద యుద్ధానికి దిగారు. అద్దాలకు పచ్చగా పాచి పట్టేసింది. చేపలు ఉన్నాయో లేవో పిలిచి కనుక్కోవలసి వస్తోంది. సాయంత్రానికల్లా నీళ్లు బాగుపడకపోతే తొట్టిని తన తమ్ముడికి ఇచ్చేస్తానని భార్య తెగేసి చెప్పింది. ఆరేళ్లుగా కన్నబిడ్డల్లా సాకిన చేపలు!

గాజు గొట్టంలో తొట్టి నీళ్లు పట్టి పరీక్ష మందు చుక్కలు వేశారు. నీళ్లు నీలంగా మారాయి.

"అదీ సంగతి! ఫాస్ఫేటు! పాచికి విందు భోజనం! మేత ఎక్కువైతే ఇదే గతి. ఎవరు వేస్తున్నారు?"

"పొద్దున ఒక్క చిటికెడే కదా అల్లుడుగారూ," అన్నారు అత్తగారు.

"అయ్యో, పొద్దున వేసేది నేను కదమ్మా!" అంది భార్య.

"మరి బడికెళ్లేటప్పుడు నేను వేసేదో?" అంది కూతురు.

మాస్టారు మేత డబ్బాను బీరువాలో పెట్టి తాళం వేశారు.

"నన్ను చూసి తాళమా!" అత్తగారికి ఎక్కడలేని రోషం వచ్చింది. చరచరా వెళ్లి పెట్టె సర్దేశారు. "తొట్టితోపాటు నేనూ మా అబ్బాయి దగ్గరికే పోతా!"

మాస్టారు వింటేనా! సగం నీళ్లు తోడి పారబోసి కుళాయి నీళ్లు నింపారు. పరీక్షిస్తే నీలం ఇంకాస్త ముదిరింది. మళ్లీ తోడారు, మళ్లీ నింపారు. ఇంకా ముదిరింది! హాలు చెరువైంది, నడుం పట్టేసింది. మధ్యాహ్నానికే బావమరిది వ్యాను వేసుకుని దిగాడు.

"బావా, తొట్టి ఎక్కించేద్దామా?"

మాస్టారికి ఏడుపొక్కటే తక్కువ. అప్పుడు కూతురు మెల్లగా అంది. "నాన్నా, లెక్క తేలకపోతే ముందు ఇచ్చిన అంకెలు చూసుకోమంటావుగా. నువ్వు పోసే నీళ్లు చూశావా?"

కుళాయి నీళ్లలో చుక్కలు పడగానే నేరేడు పండు రంగు తేలింది.

"ఓరి నాయనో! పొద్దుట్నుంచి బకెట్లకొద్దీ ఫాస్ఫేటు పోస్తున్నది నేనేనా!"

"మా ఇంటికీ ఆ నీళ్లే బావా. నాకొద్దు బాబోయ్ ఈ తొట్టి!" బావమరిది రెండడుగులు వెనక్కి వేశాడు.

మాస్టారు అత్తగారి ముందు చేతులు జోడించారు. ఆవిడ పెట్టె పక్కన పెట్టి, తాగడానికి పట్టుకున్న ఫిల్టరు నీళ్లు బిందెతో తెచ్చారు. చుక్కలు వేసినా రంగే మారలేదు! ఇక ఇల్లంతా ఒకటే సందడి. సాయంత్రం దాకా అందరూ బిందెలు మోశారు, తొట్టి నీళ్ల నీలం వెలిసిపోయింది. మాస్టారు ఎగిరి గంతేసి, బీరువా తాళం తీసేశారు.

ఆ సంతోషంలో మాస్టారితో సహా ఇంటిల్లిపాదీ, ఒకరికి తెలియకుండా ఒకరు, చేపలకు తలో చిటికెడు మేత వేశారు.