పగడంలా బతికిన ఉస్తాజ్ బహ్గత్

అయ్యా, కదలకుండా కూర్చోవడాన్ని బద్ధకం అనేవాళ్ళు పగడాన్ని ఎన్నడూ చూసి ఉండరు!

కుసైర్ రేవు ఆఫీసులో అధికారి ఉస్తాజ్ బహ్గత్, మన మాటలో బహ్గత్ అయ్యగారు, పదకొండేళ్ళుగా ఒకే కుర్చీలో ఉన్నారు. రొట్టె, చిక్కుడుగింజల కూర, ఫైళ్ళు, అర్జీలు, అన్నీ ఆయన దగ్గరికే కొట్టుకొచ్చేవి. ప్రకృతికి ఇంతకన్నా దగ్గరగా ఎవరు బతకగలరు?

అడుగున అద్దం బిగించిన పడవ నడిపే షాజ్లీకి మాత్రం ఇది అర్థం కాలేదు. మూడేళ్ళుగా ఒక్క బోయా కోసం తిరుగుతున్నాడు. నీటిమీద తేలే ఆ బోయాకు పడవలు కట్టేసుకుంటే, పగడాల మీద లంగరు వేయక్కర్లేదు. స్వయంగా చూడందే సంతకం పెట్టనని బహ్గత్ అనేవారు. లేచి వెళ్ళడానికి తీరిక లేదనీ ఆయనే అనేవారు.

చివరికి ఒక గురువారం కాల్చిన చేప ఆశ చూపి ఆయన్ని పడవెక్కించాడు.

బహ్గత్ పడవ అడుగునున్న అద్దం మీదికి వంగారు. బండలా కనిపించేదంతా వేల చిన్న ప్రాణులని షాజ్లీ చెప్పాడు. ఒకసారి అతుక్కుంటే చచ్చేదాకా అక్కడేనట. చీకటిపడ్డాక సన్నని చేతులు చాచి, నీటివాలుకు వచ్చిన పురుగుల్ని కుట్టి మింగుతాయట. పగలు ఒంట్లో కాపురమున్న నాచు ఎండతో వండిపెడుతుందట.

బహ్గత్ కళ్ళు చెమర్చాయి. "వీటికి బదిలీలు లేవా?"

"లేవు ఉస్తాజ్. ఈ పెద్దది మా తాత పుట్టకముందు నుంచీ ఇక్కడే."

అంతలో ఆయనకు కడుపులో తిప్పింది. పడవ ఆపమన్నారు.

"ఎక్కడ ఆపను? కట్టడానికి బోయా లేదు. లంగరేస్తే వీళ్ళ కొంప కూలుతుంది."

పడవ గుండ్రంగా తిరుగుతూనే ఉంది. తొమ్మిదో చుట్టులో, షాజ్లీ చాచిన బోయా అర్జీ మీద బహ్గత్ సంతకం పెట్టారు. చూశారా, కదిలితే ఎంత ప్రమాదమో!

నెలలోపే బోయా వచ్చింది. తనిఖీ కాందే నీళ్ళలో వేయకూడదు, నీళ్ళలో వేయందే తనిఖీ కాదు. అందుకని బహ్గత్ దాన్ని కుర్చీ పక్కనే ఉంచుకున్నారు. టీ గ్లాసు పెట్టుకోవడానికి ఎత్తు సరిగ్గా సరిపోయింది.

మొన్న ఎవరిదో పడవ లంగరు ఆ పెద్ద పగడాన్ని పెళ్ళగించింది. షాజ్లీ నీళ్ళలోకి దూకి, విరిగిన ముక్కను తడి చొక్కాలో చుట్టి తెచ్చి, బహ్గత్ బల్లమీద పెట్టాడు.

బహ్గత్ టీ గ్లాసు బోయా మీద పెట్టి, కలం తీశారు. సముద్రంలోంచి పగడం తీయడం నేరం కాబట్టి షాజ్లీ మీద కేసు రాశారు.

ఆ ఆఫీసులో ఒక్క రోజులో పూర్తయిన పని అదొక్కటే. అదీ ఎవరూ అడగలేదు.