పాత రిమోట్‌లో ఎనిమిది నెలలు

గాజువాకలో సంసారాలన్నీ రిమోట్‌లోనే జరుగుతాయి, ఇళ్ళలో తిరిగేవాళ్ళు వట్టి కాపీలు. ఇందులో విడ్డూరమేమీ లేదు. రిమోట్ అంటే ఊరవతల ప్రభుత్వం నడిపే నిల్వ కేంద్రం. అందులో ఇంటికో బ్రాంచి, అంటే ఆ ఇంటి రోజులన్నీ దాచే ఖాతా, ఉంటుంది. ఎవరి రోజును వాళ్ళు సాయంత్రం అందులోకి ఎక్కిస్తారు, ఇంట్లో మిగతావాళ్ళ రోజును పొద్దున్నే ఫోన్లోకి దించుకుంటారు. దించుకోనిది కళ్ళెదుట జరిగినా కనిపించదు, వినిపించదు.

రేవులో క్రేను నడిపే సింహాద్రి ఈ విషయంలో మహా నిష్ఠాపరుడు. ఆరింటి బస్సు ఎక్కేలోగా బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కేవాడు. ‘మీరు తాజాగానే ఉన్నారు’ అని వచ్చేది. ఎనిమిది నెలలుగా రోజూ అదే మాట వస్తుంటే, సంసారం ఎంత సాఫీగా సాగుతోందో అని మురిసిపోయేవాడు పాపం.

ఏటా ఫిబ్రవరి మొదటి శనివారం బడిలో తల్లిదండ్రుల సమావేశం. సెలవు పెట్టి మరీ వెళ్ళాడు. కూతురు లాస్య పేరు కోసం టీచరు రిజిస్టరు రెండుసార్లు తిరగేసి, ఆ పిల్ల జూన్ ఆఖర్లోనే టీసీ తీసుకుని వేరే బడికి వెళ్ళిపోయిందని చెప్పింది. సింహాద్రి నమ్మలేదు. ఆ పొద్దున కూడా కొత్త పుస్తకాలకు అట్టలు వేసుకుంటున్న పిల్లనే చూసి వచ్చాడు మరి.

వార్డు ఆఫీసుకు పరిగెత్తాడు. నాలుగో కౌంటరు గుమస్తా ఆయన ఫోను చూసి తాపీగా సంగతి చెప్పాడు. జూన్‌లో వార్డు మొత్తాన్ని కొత్త రిమోట్‌కి మార్చారు. ఇంట్లో ఎవరికి వారు తమ ఫోన్లో చిరునామా మార్చుకోవాలి. అలా మారుస్తారని భార్య నూకరత్నం ముందే మూడుసార్లు చెప్పింది, నిజమే. బూట్లు వేసుకుంటూ ఊఁ కొట్టాడు. పాత రిమోట్ మూసేసే ఫైలు మీద ఎవరూ సంతకం పెట్టకపోవడంతో అది నడుస్తూనే ఉంది. అందులోకి ఎక్కించేది ఆయన ఒక్కడే గనక, ఆయన ఎప్పుడూ తాజాగానే ఉన్నాడు.

“సోమవారం పాతది తుడిచేస్తారండి. దాన్నే పట్టుకుని ఉన్నోళ్ళు దాంతోపాటే పోతారు,” అన్నాడు గుమస్తా.

కొత్తదానికి మారడం నిమిషం పని. చిక్కల్లా, ఆయన ఎనిమిది నెలలకూ ఇంటివాళ్ళ ఎనిమిది నెలలకూ పొసగడం లేదు. ఆయన ప్రతిలో జూన్ నాటి రోజే తిరిగి తిరిగి వస్తూ, లాస్య రోజూ అట్టలు వేసుకుని ఎక్కాలు అప్పజెప్పింది. వాళ్ళ ప్రతిలో ఆ పిల్ల డెంగీతో పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉంది. ఏదో ఒకటే ఉంచాలి. ఆయనది ఉంచితే వాళ్ళది చెరిగిపోతుంది, జ్వరం తగ్గడంతో సహా. కాదంటే ఆలుమగలిద్దరూ పక్కపక్కన కూర్చుని లైను లైనూ కలుపుకోవాలి. దానికి ఫారం ఉంది. ఆవిడ రావాలి.

కౌంటరు మీది ఫోను కొత్త రిమోట్‌కి కలిపి ఉంది. దాంట్లోంచి ఇంటికి చేశాడు. ఒక్కసారి వచ్చి కూర్చోమనీ, అంతా కలుపుకుందామనీ బతిమాలాడు. అవతల కుక్కరు మూడు కూతలు కూసింది.

“ఇప్పుడు కూకోడానికి నాకేటి ఖాళీ ఉంది. మీది ఒగ్గీండి,” అంది నూకరత్నం.

ఆ మాటలో కోపం లేదు. అదే ఆయన్ని ఎక్కువ భయపెట్టింది.

ఒగ్గేశాడు. ఎనిమిది నెలల ఎక్కాలూ ఒక్క నొక్కుతో పోయాయి. గుమస్తా ఇంటివాళ్ళ ప్రతిని ప్రింటు తీసి, తన గురించి ఉన్న లైన్లు సరిచూసుకుని సంతకం చేయమన్నాడు. సింహాద్రి వేలు పెట్టి చదువుకున్నాడు. బడి మారిన రోజు: నాన్న ఇంట్లోనే ఉన్నారు. ఆసుపత్రిలో చేర్చిన రోజు: నాన్న ఇంట్లోనే ఉన్నారు. ఇంటికి తీసుకొచ్చిన రోజూ అదే. అన్ని రోజులకూ అదే లైను, లాస్య ఎక్కించింది. ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని ఆశగా మొదట్నుంచీ మళ్ళీ చూశాడు. దొరకలేదు. సంతకం పెట్టాడు.

అదే పని మీద వచ్చి వరసలో వెనక నిలబడ్డ పెద్దమనిషి ఆయన భుజం మీంచి కాగితం చదివి నిట్టూర్చాడు.

“మీ పాప రోజూ రాసిందండి. మా ఇంట్లో ఆ ముక్కా రాయలేదు,” అన్నాడు.